ఎలుకలు పడ్డ పంట

ఆ ఏడాది ఎలుకలు ఏడు ఊళ్ల వరి తిన్నాయి. మా బంజార్ పుస్తకంలో మాత్రం వాటిని పంపింది నా మొగుడు సుదిర అని రాసి ఉంది. నీలం సిరాతో, ఆ పుస్తకం రాసే కాంతున్ గుండ్రటి చేతిరాతతో, తారీఖు కూడా వేసి మరీ ఉంది. ఆ ముక్క కొట్టేయండని నేను అడగని నెల లేదు. మేమేమన్నా కల్పించి రాశామా, తన నోటితో తనే చెప్పాడుగా అంటారు. చెప్పాడు, కాదనను. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మా వీధిలో డెబ్బై రెండు ఇళ్లు. ఆ డెబ్బై రెండు ఇళ్ల కట్టుబాటే బంజార్. పెళ్లయినా బంజారే చెయ్యాలి, ఎవరైనా పోయినా బంజారే మొయ్యాలి, గుడి పండగ సంగతి ఇక చెప్పక్కర్లేదు. మండపం మీద వేలాడే కొయ్య డోలు మోగిందంటే ఇంటికో మగవాడు ఎవరి కత్తి వాళ్లు పట్టుకుని వెళ్లి కూర్చోవాలి. పంది మాంసం, కొబ్బరి, పనసకాయ, అల్లం, పసుపు కొమ్ములు అన్నీ సన్నగా తరిగి లావార్ కలపాలి. అది మగవాళ్ల పని, ఆడవాళ్లం వేలు పెట్టకూడదు. ఆ లావార్‌కి ఉప్పు చూసేది పదేళ్లుగా మా ఆయనే. చిటికెడు నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకునేవాడు. ఆ కళ్లు తెరుచుకునేదాకా ఎవరూ విస్తరి ముందు కూర్చునేవాళ్లు కాదు.

నాట్లు అయిపోయిన వారానికి గుడి పండగ వచ్చింది. ఆ రోజు ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు ఉండిపోయాడు. తర్వాత సరిపోయిందన్నాడు. వడ్డించారు. మొదటి ముద్దకే లానుస్ పక్కకి తిరిగి ఉమ్మేశాడు. లానుస్‌ది మా పక్క మడి. ప్రతిదానికీ వేళాకోళమాడే మనిషి.

"ఏం బావా, సముద్రంలోంచి తోడుకొచ్చావా?" అన్నాడు.

మండపమంతా నవ్వింది. ఇంకో రోజైతే మా ఆయన దానికి రెండింతలు అంటించి ఉండేవాడు. ఆ రోజు విస్తరి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, ఆ చేతుల వంకే చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక ఏమైందని అడిగాను.

"నాకేమీ తెలియలేదు కేర్నీ. నోట్లో మట్టి పెట్టుకున్నట్టుంది. రెండు వారాల్నుంచీ ఇంతే. తెలియట్లేదని చెప్పలేక సరిపోయిందన్నాను."

నేను నవ్వాను. జలుబు చేసిందేమోనన్నాను. ఆ కాలంలో జరిగిన తప్పులన్నీ రాసుకుంటూ పోతే మొదటిది నాదే.

తర్వాత తర్వాత ఆయన కోడి కూయకముందే మేలుకునేవాడు గానీ చాప మీంచి లేచేవాడు కాదు. లేచాక అరుగు మీద కూర్చునేవాడు, అదీ గోడ వైపు తిరిగి. పందెం పుంజుని ఒళ్లో పెట్టుకుని నిమరని రోజు ఉండేది కాదు ఆయనకి. అది వెదురు గంప కింద అరిచి అరిచి ఊరుకుంది. పొలం నేనే చూశాను, పందులకి కుడితి నేనే పెట్టాను, గుడికి ఆకుబుట్టలు నేనే అల్లాను. అల్లుతూ తిట్టేదాన్ని. నువ్వేమన్నా గోడకి కాపలా కాస్తున్నావా, నీలాంటివాణ్ణి కట్టుకున్నందుకు నాకిలా కావాల్సిందే అని నోటికి ఎంతొస్తే అంత అనేదాన్ని. ఆయన ఎదురు చెప్పేవాడు కాదు. "నువ్వన్నది నిజమే" అనేవాడు. తిట్టినవన్నీ ఒప్పుకునే మనిషితో ఎంతసేపని పోట్లాడతాం.

మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లాను. ఎవరో తాతకి చెయ్యాల్సింది చెయ్యలేదన్నాడు. బాతులు కోసి చేశాం. తాతలు శాంతించారు, ఇక బెంగ లేదు అని ఆ పెద్దమనిషి భుజం తట్టి పంపాడు. దారిలో మా ఆయన ఒకే ఒక్క మాటన్నాడు, "చచ్చినవాళ్లకి కూడా నేనంటే గిట్టలేదన్నమాట" అని. ఇంత ఓదార్పులో ఆయన ఏరుకున్నది ఆ ఒక్కటే.

వరి పొట్టకొచ్చే వేళకి ఎలుకలు పడ్డాయి. రాత్రి నిలబడ్డ దుబ్బు తెల్లారేసరికి మొదలంటా కోసేసి ఉండేది. మా మడి, లానుస్ మడి, పై ఊరు, కింది ఊరు, తేడా లేదు. ఊరంతా కలిసి పట్టి చంపాం. చంపాక వాటికి మా పద్ధతిలో అంత్యక్రియలు చేశాం. మళ్లీ ఆ పుట్టుకే పుట్టి పొలం మీద పడకుండా ఎలుకలకి తెల్లగుడ్డ చుట్టి, పూజారిని పిలిచి, మేళంతో శ్మశానానికి తీసుకెళ్లి దహనం చేస్తాం. ఆ రోజు కొయ్య డోలు మోగితే మా ఆయన లేవలేదు. అంతకుముందు కాలవ గట్టు పనికీ లేవలేదు. అప్పటికి రెండు. మూడోది కూడా తప్పితే సమావేశంలో నిలబెడతారు. ఆ పైన వెలి.

వెలి అంటే ఎవరూ మాట్లాడరు, నీళ్ల దగ్గర నిలబడితే పక్కకి జరుగుతారు, పిల్లకి పెళ్లయితే రారు. అన్నిటికంటే, ఇంట్లో మనిషి పోతే మొయ్యరు, శ్మశానంలో చోటివ్వరు.

మంగళవారం మంగళవారం ఆరోగ్య కేంద్రం నుంచి రుపిని అనే నర్సు పిల్లల బరువులు చూడ్డానికి బండి మీద వచ్చేది. ఆ వారం మా వాకిట్లోంచి పోతూ ఆయన్ని చూసి బండి ఆపింది. అరుగు మీద పక్కనే కూర్చుంది. తిండి ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది, ఎన్నాళ్లనుంచి అని అడిగింది. నేను వంటింటి తలుపు వెనక నిలబడి విన్నాను. కాసేపటికి ఆమె గొంతు మార్చకుండానే అడిగింది.

"చచ్చిపోవాలనిపిస్తోందా అన్నా?"

ఆయన ఎవరో ఒకరు అడిగితే బాగుండునని కనిపెట్టుకుని ఉన్నవాడిలా నెమ్మదిగా జవాబు చెప్పాడు.

"అనిపిస్తుంది. కానీ నేను పోతే డెబ్బై ఇళ్లవాళ్లు పనులు మానుకుని నన్ను మొయ్యాలి. పందిరి వెయ్యాలి, వండాలి. అంత శ్రమ పెట్టడానికి నేనెవర్ని? అందుకే ఊరుకున్నాను."

రుపిని నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. ఇది బద్ధకం కాదు, తాతల కోపమూ కాదు, జబ్బు అంది. జిల్లా ఆసుపత్రి డాక్టరుకి రాసి మందులు తెప్పిస్తానంది. అవి పని మొదలుపెట్టడానికే మూడు నాలుగు వారాలు పడుతుంది, అప్పటిదాకా ఒంటరిగా వదలకు, ఇంట్లో కత్తులూ పొలం మందులూ వేరే చోట పెట్టు అంది.

నేనింకా వాదిస్తూనే ఉన్నాను. జ్వరం లేదు, దెబ్బ లేదు, మరి జబ్బు ఎక్కడుందని అడిగాను.

"ఆలోచనలో ఉందక్కా. కళ్లకి జబ్బు చేస్తే చూపు చెడదూ? ఇది ఆలోచనకి చేసింది. జరిగిన పదింటిలో తనకి వ్యతిరేకమైనదొక్కటే చూపిస్తుంది, మిగతా తొమ్మిదీ కనపడనివ్వదు. నువ్వు తిడితే నిజమే అంటాడు. మెచ్చుకుంటే జాలిపడి అంటోంది అనుకుంటాడు. వాదించి గెలవలేవు."

"మరి ఏం చెయ్యను?"

"పక్కన కూర్చో. మాత్ర వేయించు. ఇంకొకటి, తన మీద తను ఏం చెప్పినా ఆ సాక్ష్యం మాత్రం నమ్మకు."

ఆ సాయంత్రమే ఆయన కత్తులన్నీ గోనెలో చుట్టి మా అమ్మ ఇంట్లో పెట్టొచ్చాను.

పది రోజులకి ఎవరింట్లోనో పెళ్లికని డోలు మోగింది. ఆశ్చర్యం, ఆయన తనంతట తనే లేచాడు. నేను పోకపోతే నిన్ను కూడా వెలేస్తారు అంటూ చొక్కా తొడుక్కున్నాడు. కత్తి కోసం చూరు వెతికాడు, మంచం కింద వెతికాడు. ఎక్కడుందో నేనెలా చెప్పను. చివరికి ఒట్టి చేతులతో వెళ్లాడు. అక్కడ జరిగింది తర్వాత తెలిసింది. కత్తేదని బంజార్ పెద్ద ముదియార్త అడిగాడట. ఉప్పు డబ్బా తెచ్చాడేమో చూడండి అన్నాడట లానుస్. మా ఆయన వెనక్కి తిరిగి వచ్చేశాడు. పుస్తకంలో రాలేదనే రాసుకున్నారు. మూడు నిండాయి.

మందులతో పాటు డాక్టరు రాసి పంపిన కాగితం పట్టుకుని ముదియార్త ఇంటికి వెళ్లాను. ముదియార్త చెడ్డవాడు కాదు, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. మా పెళ్లికి పందిరి కట్టించినవాడు. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చూడమ్మా, కాలు విరిగితే కట్టు చూస్తాను. జ్వరమొస్తే చెయ్యి పెట్టి చూస్తాను. ఇదెక్కడుందో చూపించు, ఇప్పుడే సెలవు రాసేస్తాను. బెంగ ఎవరికి లేదు? నా వరి తినలేదా ఎలుకలు? నేను రావట్లేదా?"

మీరు రాగలుగుతున్నారు కాబట్టి వస్తున్నారు అన్నాను. ముదియార్తకి అది అర్థం కాలేదు. అందరినీ అడిగి చేద్దామన్నాడు.

ఆదివారం పొద్దున సమావేశం. మగవాళ్లు వరసల్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఆడవాళ్లకి అక్కడ చోటు లేదు. నేను మండపం వెనక అన్నం వండే పొయ్యిల దగ్గర నిలబడ్డాను. మా ఆయన ముందు వరసలో, తల వంచుకుని. మాత్రలు మొదలుపెట్టి పదిహేను రోజులయింది అప్పటికి.

ముదియార్త మర్యాదగానే అడిగాడు.

"కావాలనే రాలేదా సుదిరా?"

"కావాలనే."

"బంజార్ అంటే లెక్కలేకనా?"

"అయ్యుండాలి."

"కత్తి ఎందుకు తేలేదు?"

"తేవాలన్న మనసు లేదేమో నాకు."

కాంతున్ రాసుకుంటూనే ఉన్నాడు. కత్తి దాచింది నేను. ఇల్లంతా వెతికింది ఆయన. నేను చేసింది కూడా తన మీద వేసుకుంటున్నాడు, అదీ అబద్ధం చెబుతున్నానని తెలిసి కాదు.

అప్పుడు వెనక వరసలోంచి లానుస్ అందుకున్నాడు. "ఎలుకల్ని కూడా నువ్వే పంపావా బావా?"

అందరూ నవ్వారు. మా ఆయన లానుస్ వైపు తిరిగాడు.

"అవును. నేనే పంపాను" అన్నాడు. "నాలో ఉన్నదే బయటికొచ్చి మీ వరి తింది. చెబుదామనే అనుకుంటున్నాను."

నవ్వు ఆగిపోయింది. ఇప్పుడైనా ఎవరో ఒకరు లేచి, అయ్యా ఇతనికి ఒంట్లో బాగాలేదు, ఇంటికి తీసుకెళ్లండి అంటారని చూశాను. డెబ్బై మంది మగవాళ్లున్నారు. అందులో సగం మంది ఆయనతో కలిసి చదువుకున్నవాళ్లు. ఒక్కడు లేవలేదు. కాంతున్ తలెత్తి ఎలా రాయమంటారని అడిగాడు.

"చెప్పింది చెప్పినట్టు రాయి" అన్నాడు ముదియార్త.

నేను మెట్లెక్కాను. అంతకుముందు ఏ ఆడదీ సమావేశం మధ్యలో ఎక్కలేదు. కేర్నీ దిగు, కేర్నీ ఆగు అని నాలుగు వైపుల నుంచీ అంటూనే ఉన్నారు. కత్తి దాచింది నేను, ఆసుపత్రివాళ్లు దాచమంటే దాచాను, ఆయనకి తెలియదు, అది రాసుకోండి అన్నాను. కాంతున్ రాయలేదు.

"అయితే ఆయన్నే ఇంకొకటి అడుగుతాను. ఆయన నోటి మాటైతేనే రాస్తారుగా" అని ఆయన ముందు కూర్చున్నాను. "ఏమయ్యా, పెద్ద కొండ బద్దలై మీ తాతలూరు బూడిదలో కలిసిపోయింది కదా. అది ఎవరివల్ల?"

కొండ బద్దలయ్యేనాటికి మా ఆయన ఇంకా పుట్టలేదు. ఆ సంగతి ఆ మండపంలో అందరికీ తెలుసు. ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, పెదవులు కదిలాయి.

"సరిగ్గా తెలీదు కేర్నీ" అన్నాడు. "నావల్లే అయ్యుంటుంది."

పొయ్యిల దగ్గర కుక్క ఒకటి మొరుగుతోంది.

"రాయి కాంతున్" అన్నాను. "పుట్టడానికి ఎనిమిదేళ్ల ముందే నా మొగుడు కొండని పేల్చాడని రాయి. చెప్పింది చెప్పినట్టు రాయాలన్నారుగా. రాయలేకపోతే ఆ ఎలుకల ముక్క కూడా కొట్టెయ్యి."

కాంతున్ కలం మూత పెట్టాడు. నేను ముదియార్త వైపు తిరిగాను.

"మొన్న ఎలుకలకి తెల్లగుడ్డ చుట్టి, మేళం పెట్టి దహనం చేశాం. పంట తిన్నవాటికి శ్మశానంలో చోటిచ్చాం. పదేళ్లు మీ అందరికీ ఉప్పు చూసి పెట్టినవాడికి ఇవ్వరా?"

వచ్చే సమావేశానికి వాయిదా అన్నాడు ముదియార్త, అదీ పక్కవాడికి వినపడేంత మెల్లగా. అంతే. తప్పయిందని ఎవరూ అనలేదు.

ఇంటికి నడిపించుకొస్తుంటే ఆయన నాకు క్షమాపణ చెప్పుకున్నాడు, నావల్ల నువ్వు నలుగురిలో గొంతెత్తాల్సి వచ్చిందని. జబ్బు మనిషిని అందరి ముందూ కూర్చోబెట్టి ఆ కొండ ప్రశ్న అడిగింది నేనే కదా. వాళ్లు చేసిన పనే నేనూ చేశాను, కాకపోతే ఆయన కోసం చేశాను. ఆ తేడా చాలునా అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది. అడక్కపోతే ఏమయ్యేదో తలుచుకున్నప్పుడు మాత్రం చాలుననే అనిపిస్తుంది.

రెండ్రోజులకి లానుస్ వచ్చాడు. వాకిట్లో నిలబడి, ఏం మాట్లాడాలి అక్కా అని అడిగాడు. ఏమీ మాట్లాడకు, పక్కన కూర్చో అన్నాను. అంత వాగుడుకాయా గోడ వైపు తిరిగి గంటసేపు నోరు మూసుకుని కూర్చున్నాడు. మర్నాడూ వచ్చాడు. మూడోనాడు గంప కింద నుంచి పుంజుని తీసి తన ఒళ్లో పెట్టుకుని నిమిరాడు. పోయేటప్పుడు దాన్ని మా ఆయన ఒళ్లో పెట్టి పోయాడు. ఆయన నిమరలేదు గానీ దించలేదు కూడా.

నాలుగో వారంలో ఒకరోజు ఆయన తెల్లారాక కూడా పడుకునే ఉన్నాడు. దగ్గరికెళ్లి ఊపిరి చూశాను. నిద్రపోతున్నాడు. ఎన్నాళ్ల తర్వాతో అది. మళ్లీ సమావేశానికి రుపిని స్వయంగా డాక్టరుని వెంటబెట్టుకొచ్చింది. డాక్టరు చెప్పినదీ నేను చెప్పినదీ ఒకటే, కానీ ఆయన తెల్ల చొక్కా వేసుకుని చెప్పాడు. ఆరు నెలలు సెలవిచ్చారు, కాలు విరిగినవాళ్లకి ఇచ్చినట్టే. వెలి మాట ఎత్తలేదు. కానీ ఎలుకల ముక్క కొట్టేయమంటే మాత్రం, పుస్తకంలో ఒకసారి రాసింది కొట్టే ఆచారం లేదన్నారు. ఇప్పటికీ నెలనెలా మెట్ల కింద నిలబడి అడుగుతూనే ఉన్నాను. నన్ను చూడగానే కాంతున్ పుస్తకం మూసేస్తాడు. మూసుకోనీ. నా గొంతు మూతపడేదాకా అడుగుతాను.

ఆ పంట సగమే చేతికొచ్చింది. కోతల రోజు కూలీలకి వంట నాదే. కొబ్బరీ చిక్కుడుకాయా వేసి కూర కలుపుతుండగా ఎవరో పిలిస్తే బయటికెళ్లాను. తిరిగొచ్చి ఎక్కడ ఆపానో మర్చిపోయి హడావిడిగా కలిపేశాను. మడి గట్టు మీద అందరికీ వడ్డించాను. మా ఆయన ఆ రోజు కొడవలి పట్టలేదు గానీ పొలానికి వచ్చాడు, లానుస్ పక్కన కూర్చున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

మళ్లీ మట్టిలా ఉందంటాడనుకున్నాను. నా నోరే పాడైంది, నా పాపమే అంటాడనుకున్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. లానుస్ చెయ్యి కూడా విస్తరి మీద ఆగింది.

"ఉప్పు రెండుసార్లు వేశావు" అన్నాడు కళ్లు తెరిచి. కాసేపు ఆలోచించాడు. "ఇందులో నా తప్పేమీ లేదు."

"లేదయ్యా, నాదే" అన్నాను. "కావాలంటే కాంతున్‌ని పిలిచి పుస్తకంలో రాయించు."

ఆయన కాస్త మంచినీళ్లు తాగి ఇంకో ముద్ద కలుపుకున్నాడు.